హెడ్‌ఫోన్‌ది తప్పా, సౌండ్ కార్డుదా?

కంప్యూటర్‌కి హెడ్‌ఫోన్ పెట్టడమంటే పిన్ను గుచ్చడమే కదా అనుకుంటాం. గుచ్చాక ఒక్కొక్కరికి ఒక్కో ఇబ్బంది. ఒకరికి అసలు శబ్దమే రాదు. ఇంకొకరికి ఒక్క చెవిలోనే వస్తుంది. మరొకరికి పాటలో వాద్యాలన్నీ వినిపిస్తాయి గానీ పాడేవాళ్ల గొంతు మాత్రం ఉండదు. మీటింగ్‌లో చేరగానే కొందరికి అంతవరకు బాగున్న ధ్వని పలచబడిపోతుంది. ఛార్జర్ పెడితే కొందరికి బర్‌ర్‌మని మోత. వీటన్నిటికీ చుట్టుపక్కల దొరికే సలహా ఒక్కటే: మంచి సౌండ్ కార్డు కొనుక్కో. ఈ సలహా చాలాసార్లు తప్పు, డబ్బు దండగ కూడా.

సౌండ్ కార్డు అని ఒకే పేరుతో పిలుస్తున్నాం కానీ అందులో మూడు వేర్వేరు పనులు జరుగుతాయి. పాట ఫైల్లోని అంకెలను విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది డాక్. ఆ సిగ్నల్‌కి హెడ్‌ఫోన్ లోపలి పొరను కదిలించేంత బలం ఇచ్చేది యాంప్లిఫయర్. మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచి తిరిగి అంకెలుగా మార్చేది మూడో భాగం. మన ఫిర్యాదు ఈ మూడింటిలో దేనిదో, లేక వీటి బయట పిన్నుదో సాఫ్ట్‌వేర్‌దో తెలిస్తే తప్ప ఏం కొనాలో, అసలు కొనాలో వద్దో తేలదు. తమాషా ఏమిటంటే, పైన చెప్పిన ఫిర్యాదుల్లో డాక్ వల్ల వచ్చేది ఒక్కటీ లేదు. దుకాణాల్లో ప్రకటనలు మాత్రం ఎక్కువగా దాని గురించే.

డాక్ సంగతి ముందే తేల్చేద్దాం, పెద్దగా చెప్పడానికి లేదు కాబట్టి. 1987లో యాడ్‌లిబ్, 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డులు వచ్చిన రోజుల్లో కంప్యూటర్‌లో సరైన శబ్దం కావాలంటే విడిగా కార్డు కొనాల్సిందే. 1997లో ఇంటెల్ తెచ్చిన ఏసీ'97, ఆ తర్వాత 2004లో వచ్చిన హెచ్‌డీ ఆడియో ప్రమాణాలతో ఆ పని కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు, అంటే మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్‌కి చేరింది. ఇవాళ చాలా డెస్క్‌టాప్‌లలో అది రియల్‌టెక్ చిప్పే. ఏఎల్‌సీ897, ఏఎల్‌సీ1220 లాంటి నంబర్లతో ఉంటుంది. సీడీ వాడే 16 బిట్ల ధ్వనిలో అతి పెద్ద శబ్దానికీ అతి చిన్న శబ్దానికీ మధ్య దూరం దాదాపు 96 డెసిబెళ్లు. ఇప్పటి మామూలు చిప్పులు కాగితం మీద దానికి అటూఇటుగా ఉన్నాయి, ఖరీదైనవి దాటిపోయాయి. విండోస్‌లో 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల నమూనాలు) అని పెట్టి వదిలేస్తే సినిమాకైనా పాటకైనా సరిపోతుంది. 192 అని పెడితే చెవికి కొత్తగా చేరేదేమీ లేదు. మామూలుగా అన్ని ప్రోగ్రాముల ధ్వనినీ విండోస్ ఒకేచోట కలిపి, మనం పెట్టిన ఆ రేటుకి తనే మార్చుకుంటుంది.

అసలు చిక్కులు పిన్ను దగ్గరే మొదలవుతాయి. హెడ్‌ఫోన్ పిన్ను మీద అడ్డంగా నల్లటి గీతలుంటాయి చూడండి. రెండు గీతలుంటే పిన్ను మూడు ముక్కలుగా ఉన్నట్టు: కొన ఎడమ చెవికి, మధ్య ముక్క కుడి చెవికి, చివరిది రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. మూడు గీతలుంటే నాలుగు ముక్కలు. అదనంగా ఉన్నది మైకుది. ఫోన్లతో వాడే మైకున్న ఇయర్‌ఫోన్లన్నీ ఈ రెండో రకం. డెస్క్‌టాప్ వెనక ఉండే పచ్చ సాకెట్‌లో మాత్రం మూడు ముక్కల పిన్నుకే ఏర్పాటు ఉంటుంది. నాలుగు ముక్కలది అందులో గుచ్చితే కొన్ని సాకెట్లలో బాగానే పనిచేస్తుంది, కొన్నిట్లో గొంతు మాయమయ్యే వింత మొదలవుతుంది.

ఆ వింతకు కారణం తెలుసుకోదగ్గది. ఇప్పుడు ఎక్కువగా వాడే సీటీఐఏ పద్ధతిలో పిన్ను మీద మూడో ముక్క గ్రౌండ్, నాలుగోది మైకు. సాకెట్ లోపల గ్రౌండ్ కోసం ఉన్న రేకు వెళ్లి నాలుగో ముక్కకు తగిలితే, హెడ్‌ఫోన్‌కి నేరుగా గ్రౌండ్ అందదు. అప్పుడు కరెంటు ఎడమ స్పీకర్‌లోంచి కుడి స్పీకర్‌లోకి పోతుంది, అంటే మనం వినేది ఎడమకూ కుడికీ ఉన్న తేడా మాత్రమే. పాట రికార్డు చేసేటప్పుడు గాయకుల గొంతును దాదాపు ఎప్పుడూ రెండు వైపులా సమానంగా, నట్టనడుమ పెడతారు. సమానంగా ఉన్నదాంట్లోంచి సమానంగా ఉన్నది తీసేస్తే మిగిలేది సున్నా. అందుకే గొంతు పోతుంది, అటూఇటూ సర్దిన వయొలిన్లూ, కోరస్సూ, గొంతు తాలూకు ప్రతిధ్వనీ మాత్రం మిగులుతాయి. ఇదేనా కాదా అని తేల్చుకోవడం చాలా తేలిక: ఇయర్‌ఫోన్ తీగ మీద కాల్ ఎత్తే బటన్ ఉంటుంది కదా, దాన్ని నొక్కి పట్టుకోండి. అది నొక్కినప్పుడు మైకు తీగా గ్రౌండ్ తీగా ఒకటవుతాయి. గొంతు తిరిగొచ్చిందంటే తప్పు పూర్తిగా పిన్నుదే. పాత నోకియా, సోనీ ఎరిక్సన్ ఫోన్లతో వచ్చిన కొన్ని హెడ్‌సెట్లలో మైకూ గ్రౌండూ తారుమారుగా ఉండేవి, ఆ పద్ధతి పేరు ఓఎంటీపీ. డ్రాయర్‌లో దొరికిన పాత హెడ్‌సెట్‌ని కొత్త ల్యాప్‌టాప్‌కి పెట్టినా ఇదే కథ.

దీనికి మందు వంద రెండొందల్లో దొరికే స్ప్లిటర్ తీగ. అయితే అడగడం తెలియాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, మీ ఊరి మొబైల్ షాపులోనైనా ఊరికే స్ప్లిటర్ కావాలంటే ఒకే పాటను ఇద్దరు వినడానికి పనికొచ్చేది చేతిలో పెట్టొచ్చు. చూడ్డానికి రెండూ ఒకేలా Y ఆకారంలో ఉంటాయి. మనకు కావలసినదాంట్లో ఒక కాలు మీద హెడ్‌ఫోన్ బొమ్మ, రెండో కాలు మీద మైకు బొమ్మ ఉంటాయి. డెస్క్‌టాప్ కోసమైతే ఆ రెండు కాళ్లూ పిన్నులై ఉండాలి, ఒక్కోదాని మీద రెండేసి గీతలు. ల్యాప్‌టాప్‌కి ఒక్కటే కన్నం ఉండి, మీ హెడ్‌సెట్‌కే రెండు పిన్నులుంటే దీనికి తలకిందులైనది కావాలి: రెండు కన్నాలు, మూడు గీతల పిన్ను ఒకటి. యూఎస్‌బీ-సీ నుంచి హెడ్‌ఫోన్ కన్నానికి మార్చే చిన్న తీగల్లోనూ రెండు రకాలున్నాయి. లోపల డాక్ ఉన్నది ఒకటి, ఉత్త తీగ మాత్రమే ఉన్నది ఒకటి. ఆ రెండోది కొన్ని ఫోన్లతో పనిచేస్తుంది గానీ మామూలు ల్యాప్‌టాప్‌లతో పనిచేయదు. డాక్ ఉన్నదే అని అడిగి తీసుకోవాలి.

సాకెట్ల రంగులు మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి ఇచ్చిన పీసీ 99 మార్గదర్శకాల నాటివి. పచ్చ హెడ్‌ఫోన్‌కి, గులాబీ మైకుకి, లేత నీలం బయటి నుంచి పాట లోపలికి తేవడానికి. నారింజ, నలుపు, బూడిద రంగులు హోమ్ థియేటర్ స్పీకర్లవి, వాటి జోలికి పోవద్దు.

మనవాళ్లు సీపీయూ అని పిలిచే డబ్బా ముందు వైపు కన్నంలో పెడితే శబ్దం రాకపోవడం మరో పాత జబ్బు. వెనక సాకెట్లు బోర్డుకే అతికి ఉంటాయి, ముందుది మాత్రం డబ్బా లోపల ఒక పొడవాటి తీగతో బోర్డు చివర ఉన్న పిన్నుల గుంపుకి తగిలించాలి. బోర్డు తయారీదారుని బట్టి అక్కడ హెచ్‌డీ ఆడియో అనో, ఎఫ్ ఆడియో అనో, ఏఏఎఫ్‌పీ అనో, జేఏయూడీ1 అనో అచ్చు వేసి ఉంటుంది. పీసీ కట్టినవాళ్లు ఆ తీగ మర్చిపోయి ఉండొచ్చు. పక్కనే దాదాపు అలాగే కనిపించే యూఎస్‌బీ పిన్నుల గుంపు కూడా ఉంటుంది. ఆడియోలో 8వ పిన్ను ఉండదు, యూఎస్‌బీలో 9వది ఉండదు. బలవంతంగా దూర్చకుండా ఉంటే చాలు, తప్పు జరగదు. తీగ సరిగా ఉన్నా పనిచేయకపోతే డబ్బా పాతదై ఉండొచ్చు. ఏసీ'97 కాలపు డబ్బాలకి పిన్ను గుచ్చిన సంగతి చిప్‌కి చెప్పే ఏర్పాటు లేదు. రియల్‌టెక్ ప్రోగ్రామ్‌లో ముందు ప్యానెల్ జాక్ డిటెక్షన్‌ని ఆపేస్తే అవి కూడా పలుకుతాయి.

తీగలన్నీ సరిగా ఉన్నా శబ్దం రాకపోతే, ధ్వని వేరేచోటికి వెళ్తోందేమో చూడాలి. హెచ్‌డీఎంఐ తీగతో మానిటర్ పెడితే విండోస్ లెక్కలో అది కూడా ఒక సౌండ్ పరికరమే, స్పీకర్లు లేని మానిటర్ అయినా సరే కొన్నిసార్లు జాబితాలో చేరుతుంది. టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి, వాల్యూమ్ గీత పక్కనున్న గుర్తు నొక్కితే ఆ జాబితా వస్తుంది. ఏది ఎంచుకుని ఉందో అక్కడ చూడొచ్చు. లైనక్స్ వాడేవాళ్లు టెర్మినల్‌లో ఆల్సా మిక్సర్ తెరిచి, ఎఫ్6తో కార్డు ఎంచుకుని, హెడ్‌ఫోన్ కింద ఎంఎం అని ఉందేమో చూడాలి. ఉంటే అది మూగబోయి ఉన్నట్టు. ఎం అక్షరం నొక్కితే తెరుచుకుంటుంది. అక్కడే ఆటో మ్యూట్ అనే అంశం ఉంటుంది, ముందూ వెనకా రెండుచోట్లా ఒకేసారి వినాలనుకునేవాళ్లు దాన్ని ఆపాలి.

మీటింగ్ మొదలవగానే పాట వాల్యూమ్ పడిపోతోందా? అది విండోస్ కావాలని చేసే పని. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంది. కాల్ వచ్చినప్పుడు మిగతా ధ్వనులను 80 శాతం తగ్గించమని అక్కడ ముందే ఎంచి ఉంటుంది. డూ నథింగ్ అని మార్చుకుంటే సరి.

వాల్యూమ్ కాదు, నాణ్యతే పడిపోతోందంటే మీది బ్లూటూత్ హెడ్‌సెట్ అయి ఉంటుంది. పాట వినేటప్పుడు బ్లూటూత్ ఏ2డీపీ అనే దారి వాడుతుంది, అందులో రెండు చెవులకూ మంచి ధ్వని వస్తుంది గానీ మైకుకి చోటు లేదు. మైకు తెరవగానే హ్యాండ్స్‌ఫ్రీ దారికి మారుతుంది. అక్కడ ధ్వనిని సెకనుకి 8 వేలో 16 వేలో నమూనాలకు కుదిస్తారు, రెండు చెవులకీ ఒకటే వస్తుంది. ఇది హెడ్‌సెట్ ఖరీదుతో పోయే జబ్బు కాదు. ముప్పై వేలదీ మూడు వేలదీ ఇక్కడ ఒక్కటే. బ్లూటూత్‌లోనే కొత్త పద్ధతి అయిన ఎల్ఈ ఆడియో దీన్ని సరిచేస్తుంది, కాకపోతే కంప్యూటర్‌లోనూ హెడ్‌సెట్‌లోనూ రెండింటిలోనూ అది ఉండాలి. అంతవరకు మందు ఒకటే: వినడానికి బ్లూటూత్ పెట్టుకుని, మాట్లాడడానికి ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోవడం. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోనూ యూఎస్‌బీ హెడ్‌సెట్‌లోనూ డాక్, యాంప్లిఫయర్ దాని లోపలే ఉంటాయి. అవి వాడేవాళ్లు కంప్యూటర్‌కి ఎంత గొప్ప సౌండ్ కార్డు తెచ్చిపెట్టినా వాళ్ల చెవికి దాంతో సంబంధమే ఉండదు.

ఇక శబ్దం వస్తోంది గానీ బలం చాలడం లేదన్న ఫిర్యాదు. ఇది నిజంగా సౌండ్ కార్డుది, అందులోని యాంప్లిఫయర్‌ది. హెడ్‌ఫోన్ పెట్టె మీద ఓమ్‌లలో రాసి ఉండేది ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు. ఫోన్ ఇయర్‌ఫోన్లు 16, 32 ఓమ్‌లు ఉంటాయి, స్టూడియో రకాలు 80, 250, 300, కొన్ని 600 దాకా వెళ్తాయి. ఓమ్‌లు ఎక్కువైతే పెద్ద యాంప్లిఫయర్ తప్పదని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూద్దాం. సౌండ్ కార్డు 1 వోల్ట్ ఇస్తుందనుకుంటే, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి సుమారు 31 మిల్లీవాట్లు అందుతాయి, 300 ఓమ్‌లదానికి 3.3 మాత్రమే. ఇంతవరకు నమ్మకం నిజమే. కానీ సౌండ్ కార్డుకి కూడా సొంత ఇంపీడెన్స్ ఉంటుంది. మదర్‌బోర్డు సాకెట్లలో ఇది పదుల ఓమ్‌లలో ఉండొచ్చు, 75 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టిన డిజైన్లూ ఉన్నాయి. ఆ 75ని మధ్యలో పెట్టి మళ్లీ లెక్కిస్తే 32 ఓమ్‌లదానికి 1 వోల్ట్‌లో 0.3 వోల్ట్ మాత్రమే చేరుతుంది, అంటే 2.8 మిల్లీవాట్లు. 300 ఓమ్‌లదానికి 0.8 వోల్ట్, 2.1 మిల్లీవాట్లు. తేడా దాదాపు చెరిగిపోయింది! పేరుకి తేలికపాటి హెడ్‌ఫోనే అలాంటి సాకెట్ దగ్గర ఎక్కువ నష్టపోతోంది.

నష్టం వాల్యూమ్‌తో ఆగదు. చాలా హెడ్‌ఫోన్ల ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. ఒకచోట 32 ఉంటే మరోచోట 60 ఉండొచ్చు. మధ్యలో 75 ఓమ్‌లుంటే ఎక్కడ ఇంపీడెన్స్ ఎక్కువో అక్కడి శబ్దం పెరుగుతుంది, తక్కువున్నచోట తగ్గుతుంది. బేస్ ఉబ్బినట్టు, పైస్థాయి మొద్దుబారినట్టు అనిపిస్తే జనం డాక్ బాగోలేదంటారు. అది డాక్ చేసింది కాదు, రెసిస్టర్ చేసింది. సౌండ్ కార్డు ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్‌దానిలో ఎనిమిదో వంతుకి మించకూడదని ఒక మోటు లెక్క చెబుతారు. 32 ఓమ్‌లకైతే 4 లోపు. చాలా మదర్‌బోర్డులు దీన్ని అందుకోలేవు, చిన్న యూఎస్‌బీ డాంగిళ్లు, అంటే ఇందాక చెప్పిన డాక్ ఉన్న తీగలు, తేలిగ్గా అందుకుంటాయి. అందుకే ఎవరైనా అడిగితే పెద్ద కార్డు కన్నా ముందు డాంగిల్ ప్రయత్నించమంటాను. ఆపిల్ అమ్మే చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్ కూడా ఈ పనికి బాగానే సరిపోతుంది. కాకపోతే యూరప్‌లో అమ్మేది అమెరికాలో అమ్మేదాని కన్నా వోల్టేజీ సగమే ఇస్తుంది. బయటి దేశాల నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకునేవాళ్లకు ఈ తేడా తెలిస్తే మంచిది.

ఓమ్‌లకన్నా ముందు చూడాల్సిన అంకె సెన్సిటివిటీ, అంటే ఇంత వోల్టేజీకి ఎంత శబ్దం వస్తుందన్న లెక్క. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 ఇంపీడెన్స్ 300 ఓమ్‌లు. అయినా 1 వోల్ట్‌కి 103 డెసిబెళ్లు వస్తాయని కంపెనీ లెక్క. పాటలో సగటు స్థాయి గరిష్ఠం కన్నా 10 నుంచి 20 డెసిబెళ్లు తక్కువ ఉంటుంది కాబట్టి సినిమా పాటలకు ఆ 1 వోల్టే చాలు. మెల్లగా రికార్డు చేసిన పాత కచేరీలు వినేవాళ్లకే ఇంకొంచెం కావాలనిపిస్తుంది.

మోతలు మూడు రకాలు, మూడింటికీ మూడు కారణాలు. పాట ఆపినా, వాల్యూమ్ సున్నా చేసినా సన్నగా సుయ్‌మని వినిపిస్తూ ఉంటే అది యాంప్లిఫయర్ సొంత చప్పుడు, సెన్సిటివ్ ఇయర్‌ఫోన్లలో బయటపడుతుంది. మౌస్ కదిపినప్పుడో గేమ్ తెరిచినప్పుడో గీరినట్టు వస్తే డబ్బా లోపలి పొడవాటి తీగ గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచి పోతూ దాని కరెంటు చప్పుడు మోసుకొస్తోందని అర్థం. వెనక సాకెట్‌కి మారితే చాలావరకు పోతుంది. ఛార్జర్ పెట్టినప్పుడే వచ్చే బర్‌ర్ మన ఇళ్ల ఎర్తింగ్ సమస్య. పాత ఇళ్లలో గోడ సాకెట్‌కి మూడో కన్నం ఉంటుంది గానీ దాని వెనక తీగ ఉండదు. అప్పుడు ఛార్జర్‌లోంచి కారే కొద్దిపాటి కరెంటు ల్యాప్‌టాప్ లోహపు ఒంటికి చేరుతుంది, చెయ్యి ఆనిస్తే చిమచిమలాడుతుంది, 50 హెర్ట్జ్ మోత మైకులోకీ ఎక్కుతుంది. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే మోత ఆగిందంటే ఇదే కారణం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించుకోవాల్సిన పని ఇది. కంప్యూటర్‌ని యాంప్లిఫయర్‌కో టీవీకో కూడా కలిపి ఉంచితే రెండు ఎర్త్‌ల మధ్య లూప్ ఏర్పడి కూడా ఇలాంటి మోతే వస్తుంది. దాన్ని పోగొట్టడానికి ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. మోత పోవచ్చు, ప్రాణానికి రక్షణగా ఉన్నది కూడా దాంతోపాటే పోతుంది. ఆ పని చేయొద్దు.

మిగిలింది మైకు. కంప్యూటర్‌లోని గులాబీ సాకెట్ హెడ్‌సెట్ మైకుకి కావలసిన రెండు నుంచి ఐదు వోల్టుల కరెంటు తనే ఇస్తుంది. స్టూడియోలో వాడే కండెన్సర్ మైకులకు 48 వోల్టులు కావాలి. వాటిని ఈ సాకెట్‌కి పెట్టి పలకడం లేదని తిట్టుకోవడంలో అర్థం లేదు, వాటికి ఆడియో ఇంటర్‌ఫేస్ అనే వేరే పరికరం ఉంది. మాట చిన్నగా వెళ్తోందని అవతలివాళ్లు అంటే అదే పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లోని రికార్డింగ్ ట్యాబ్‌లో మైకు ప్రాపర్టీస్ తెరిచి, లెవల్స్‌లో ముందు వాల్యూమ్ పెంచండి. చాలకపోతేనే బూస్ట్‌ని 10 డెసిబెళ్లకు పెట్టి చూడండి. 30కి తోసేస్తే మాటతో పాటు ఫ్యాన్ చప్పుడు, పక్కింటి కుక్కర్ కూత కూడా మీటింగ్‌కి హాజరవుతాయి. మీ గొంతు మీకే కాస్త ఆలస్యంగా వినిపిస్తుంటే అదే ప్రాపర్టీస్‌లో లిజన్ అనే ట్యాబ్ చూడండి. అక్కడ టిక్ పడి ఉంటే తీసేయండి.